తోట తాకట్టుకు ముందు మరొక వైద్యుని మాట

కాట్రేనికోన వంటి ఊళ్లలో నాన్నకో అమ్మకో కేన్సర్ ముదిరిందని తెలియగానే కొబ్బరితోట తాకట్టు మాట వస్తుంది. ఆ కాగితాలకంటే ముందు ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉండాలని మేము చెప్పదలచాము.

మరొక వైద్యుని అడగడం మొదటివారికి అవమానం కాదు, అవిశ్వాసమూ కాదు. లూకా కూడ వైద్యుడే గదా! అయితే మందులచీటీ ఒక్కటే పట్టుకొని పోతే లాభం లేదు. ముక్క పరీక్ష రిపోర్టు, స్లైడులు, ఆ ముక్కను అమర్చిన మైనపు బ్లాకులు, స్కానింగు ఫిల్ములు అడిగి తీసుకోవాలి. వాటిని మళ్లీ చూచినప్పుడు ఒక్కోసారి జబ్బు రకమే వేరని తేలుతుంది. అప్పుడు మందూ మారుతుంది. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయిన పథకం మీ వైద్యానికి వర్తిస్తుందో లేదో బయలుదేరకముందే కనుక్కోండి.

ఈ మందు నయం చేయడానికా, కొన్నాళ్లు అదుపులో ఉంచడానికా అని తప్పక అడగండి. రెండవ వైద్యుడూ అదే చెబితే, పెద్దాయనను ఇంకా ఊరూరా తిప్పడం మాకు ఇష్టం లేదు. నొప్పి తగ్గించే వైద్యం కీమోతోపాటే మొదలుపెట్టవచ్చు.

ఇంకొకటి. ఇంటిల్లిపాదికీ తెలిసిన జబ్బు పేరు మంచం మీది మనిషికే చెప్పరు. ప్రార్థనకు వచ్చినవారు వసారాలో గుసగుసలాడుతుంటే ఆయనకు తెలియదా? తోట కూడ ఆయనదే. ఆయననే అడగండి.