ఎనిమిది షరతుల కాగితం

స్థలాలు, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుకు ప్రభుత్వ గుర్తింపు నెల రోజుల్లో రావచ్చు. ఆ గుర్తింపు పత్రం మీద అచ్చయిన షరతులను నిలబెట్టుకోవడానికి కావలసిన చదువు గురించి మాత్రం మన దరఖాస్తు ఫారం ఒక్క మాటా అడగదు.

రియల్ ఎస్టేట్ ఏజెంటుగా లైసెన్సు తెచ్చుకోవాలంటే ఎన్నాళ్లు పడుతుందో కనుక్కుని రాయమన్నారు ఎడిటర్ గారు. శుక్రవారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి. అడిగినదానికి జవాబు త్వరగానే దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రేరాకు దరఖాస్తు పెట్టుకుంటే 30 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. గడువు దాటినా లోపాలున్నాయనిగానీ తిరస్కరించామనిగానీ కబురు రాకపోతే రిజిస్ట్రేషన్ అయినట్టేనని రేరా చట్టంలోని 9వ సెక్షన్ చెబుతోంది. వచ్చిన రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. వ్యక్తికైతే రుసుం 10 వేల రూపాయలు, సంస్థకైతే 50 వేలు.

దరఖాస్తు పేరు ఫారం-జీ. పేరు, తండ్రి పేరు, వృత్తి, శాశ్వత చిరునామా, ఫొటో, పాన్ కార్డు, వ్యాపారం చేసే చోటికి రుజువు, వేరే రాష్ట్రంలో ఇప్పటికే రిజిస్టరై ఉంటే ఆ వివరాలు. మీరెవరు, ఎక్కడుంటారు అన్నది శ్రద్ధగానే అడుగుతుంది. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చదవడం వచ్చా, లేఅవుట్ ప్లాన్‌లో పార్కుకు వదిలిన జాగా ఏదో చూపించగలరా అని అడగదు. నియమావళితో పాటు వచ్చిన ఆ ఫారంలో విద్యార్హతకు గడే లేదు. బండి లైసెన్సు ఇచ్చేవాళ్లు కూడా ముందు ఎనిమిది అంకె తిప్పించి చూస్తారు. ఒక కుటుంబం జీవితమంతా కూడబెట్టిన డబ్బును దారి చూపించి నడిపించే మనిషికి ఆపాటి పరీక్ష లేదు.

ఈ కథనానికి ఫారం-జీ చాలనుకున్నాను. తీరా చదవడం మొదలుపెట్టాక నన్ను వదలనిది దాని తర్వాత వచ్చే కాగితం, ఫారం-హెచ్. రిజిస్ట్రేషన్ మంజూరయ్యాక ఏజెంటు చేతికిచ్చే పత్రం అది. చాలామంది దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలిస్తారు. కొనడానికి వెళ్లినవాళ్లు పేరు, నంబరు చూసి తృప్తిపడి కూర్చుంటారు. వాటి కింద ఎనిమిది షరతులున్నాయి. వాటిని చివరిదాకా చదివిన కొనుగోలుదారు ఎవరూ ఇంతవరకూ నాకు తారసపడలేదు.

మొదటి షరతు ఇది. రేరాలో రిజిస్టర్ కావలసి ఉండి కూడా కాని ప్రాజెక్టులో ప్లాటుగానీ ఫ్లాటుగానీ ఏజెంటు అమ్మిపెట్టకూడదు. చూడటానికి చిన్న వాక్యమే. కానీ హైదరాబాద్ చుట్టుపక్కల వెంచర్లు చూడ్డానికి వెళ్లిన ఎవరినైనా అడగండి, ఈ మాట వినే ఉంటారు: "రేరాకి అప్లై చేశాం సార్, నంబర్ రేపో మాపో వచ్చేస్తుంది. వచ్చాక ఈ రేటుకి దొరకదు." ప్రీలాంచ్ వ్యాపారమంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది. చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ రాకముందు ప్రకటన వేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, కొనమని పిలవను కూడా పిలవకూడదు. అంటే "అప్లై చేశాం సార్" అని టోకెన్ అడ్వాన్సు తీసుకున్న ఏజెంటు, గోడ మీద తన పేరుతో వేలాడుతున్న పత్రంలోని మొదటి షరతును ఆ క్షణమే తప్పినట్టు.

తప్పితే ఏమవుతుందో 62వ సెక్షన్‌లో ఉంది. రోజుకు 10 వేల రూపాయలు, ఆ ప్లాటు లేదా ఫ్లాటు ఖరీదులో 5 శాతం దాకా. 60 లక్షల ప్లాటనుకుందాం. ఐదు శాతమంటే 3 లక్షలు, నెల తిరిగేసరికి జరిమానా అక్కడికి చేరుతుంది. ఒక శాతం కమీషన్ మాట్లాడుకున్న ఏజెంటుకు ఆ ప్లాటు మీద వచ్చేది 60 వేలు. ఈ లెక్క ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఎంతమంది కుర్రాళ్లు ప్రీలాంచ్ జోలికి పోకుండా ఆగేవారో! బిల్డర్ ఇచ్చిన రేటు కార్డు, వాట్సాప్‌లో పంపిన బ్రోచరు తప్ప వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పడం లేదు.

మూడో షరతు అనుచిత పద్ధతులకు దిగొద్దంటుంది. అవేమిటన్నది 10వ సెక్షన్ చెబుతుంది. లేని అనుమతి ఉందని చెప్పడం, ఇవ్వదలచుకోని సేవకు ప్రకటన వేయనివ్వడం, ఇస్తున్న సేవల గురించి నోటితో గానీ రాతతో గానీ బొమ్మతో గానీ అబద్ధం చెప్పడం. నోటిమాట కూడా లెక్కలోకే వస్తుందని గమనించండి. సైట్ విజిట్‌కు తీసుకెళ్లే కారులో "హెచ్‌ఎండీఏ అప్రూవల్ ఉంది" అని లేనిది చెప్పినా అది ఆ షరతు కిందికే వస్తుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది నాలుగోది. బుకింగ్ సమయానికి కొనుగోలుదారుకు హక్కుగా రావలసిన సమాచారం, పత్రాలు అన్నీ అందేలా ఏజెంటు చూడాలి. మంజూరైన ప్లాన్లు, లేఅవుట్, కట్టడపు వివరాలు, ఏ దశ ఎప్పటికి పూర్తవుతుందన్న పట్టిక. అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ఖరీదులో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదన్న 13వ సెక్షన్ కూడా కొనేవాళ్లకు ఆ పూటే తెలియాలి. ఈ ఒక్క షరతు సరిగ్గా అమలైతే రేరాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం పుట్టనే పుట్టవని నా నమ్మకం. కానీ ఆ పత్రాలు అందించాలంటే అవేమిటో ముందు ఏజెంటుకు తెలియాలి కదా.

మిగిలిన షరతుల్లో లెక్కల పుస్తకాలు, రికార్డులు భద్రపరచడం ఒకటి. మిగతావి బిల్డర్‌కు, కొనుగోలుదారుకు వారి హక్కులు, బాధ్యతల విషయంలో సహకరించడం, చట్టాలకు లోబడి ఉండడం లాంటివి.

ఏజెంట్లంటే నాకు గౌరవమే, అది దాచుకోను. ఏ సర్వే నంబరులో అన్నదమ్ములు నలుగురిలో ఒకరు సంతకం పెట్టలేదో, ఏ వీధిలో వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయో, ఏ లేఅవుట్‌లో రోడ్డు కాగితం మీద నలభై అడుగులుండి నేల మీద ముప్పైకి తగ్గిందో చెప్పగల మనుషులు వాళ్లు. ఊరి టీ కొట్టు దగ్గర కూర్చునే పెద్ద మీడియేటర్‌కు ఆ జ్ఞానం అబ్బడానికి పదేళ్లో పదిహేనేళ్లో పట్టి ఉంటుంది. దానికీ ఫారం-జీలో చోటు లేదు. ఆయనా, నిన్న బిల్డర్ ఆఫీసులో చేరిన కుర్రాడూ అదే పది వేలు కట్టి అదే పత్రం తెచ్చుకుంటారు.

నిజానికి నేర్చుకోవలసింది ఎంతుందో చెప్పడానికి ఈసీ ఒక్కటి చాలు. "ఈసీ క్లియర్‌గా ఉంది, ఇంకేం చూడక్కర్లేదు" అనే మాట ఏజెంట్ల నోట అలవాటుగా వస్తుంది. ఈసీలో కనిపించేది రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదైన లావాదేవీలు మాత్రమే. కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపించకపోవచ్చు. రిజిస్టరు కాని అగ్రిమెంటు కనిపించదు. వాటా రాలేదని రేపు వచ్చి నిలబడబోయే ఆడపడుచు కనిపించదు. అందుకే లింకు డాక్యుమెంట్లు వెనక్కి వెనక్కి చదువుకుంటూ పోవాలి. భూమి 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, ఒకప్పుడు పేదలకిచ్చిన అసైన్డ్ భూమా అన్నది చూడాలి. అసైన్డ్ అయితే 1977 నాటి చట్టం సాధారణంగా అమ్మకాన్ని ఒప్పుకోదు. చెరువు ఎఫ్‌టీఎల్ గీత (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) ఎక్కడుంది, బఫర్ ఎంత, సాగుభూమికి నాలా కన్వర్షన్ అయిందా? కట్టని అపార్టుమెంటులో ఫ్లాటు పేరు చెప్పి యూడీఎస్ కింద నేలలో వాటా రాసిస్తున్నారంటే కొనేవాడి చేతిలోకి వస్తున్నదేమిటి? ఇవి పట్టుబడాలంటే బుద్ధిగా కూర్చున్నవాడికి కూడా కొన్ని నెలలు కావాలి, పక్కన చెప్పేవాళ్లు కావాలి.

చట్టం నేపథ్యం రెండు ముక్కల్లో: పార్లమెంటు 2016 మార్చిలో ఆమోదించింది, ఆ ఏడాది మే 1న కొన్ని సెక్షన్లు, 2017 మే 1న మిగిలినవి అమల్లోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2017 మార్చిలో, తెలంగాణ 2017 జులైలో నియమాలు తెచ్చుకున్నాయి. అప్పటిదాకా ఈ వృత్తిలోకి రావడానికి ఫోను, పరిచయాలు ఉంటే సరిపోయేది.

పక్కనే ఉన్న మహారాష్ట్ర ఇంకో అడుగు వేసింది. అక్కడి రేరా 2023 జనవరిలో ఉత్తర్వు ఇచ్చి ఏజెంట్లకు 20 గంటల శిక్షణ, దాని తర్వాత పరీక్ష తప్పనిసరి చేసింది. పరీక్ష నిర్వహించేది బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్. మొదటి పరీక్ష 2023 మేలో జరిగింది. 2024 జనవరి 1 నుంచి ఆ యోగ్యతా పత్రం లేనిదే రిజిస్ట్రేషన్ లేదు, రెన్యువల్ లేదు. 20 గంటలు ఎక్కువేం కాదు. అయినా షరతుల కాగితాన్ని ఒకసారి చదివించి, అర్థమైందో లేదో చూసి పంపిస్తున్నారు.

మనవాళ్లే అమెరికాలోని టెక్సస్‌లో ఏం చేస్తున్నారో చూడండి. డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలకు తెలుగు ఏజెంట్లే దొరుకుతారు. హెచ్-4 వీసా మీద వెళ్లినవారిలో అర్హులైనవాళ్లకు 2015 నుంచి పని అనుమతి దొరకడంతో ఈ దారి పట్టే వీలు వాళ్లకూ కలిగింది. అక్కడ ముందు 180 గంటలు చదవాలి. 30 గంటల చొప్పున ఆరు కోర్సులు. రియల్ ఎస్టేట్ మూల సూత్రాలు రెండు భాగాలు, ఏజెన్సీ చట్టం, ఒప్పందాల చట్టం, అక్కడి రియల్ ఎస్టేట్ కమిషన్ అచ్చువేసిన ఒప్పంద ఫారాలు, గృహరుణాలు. రోజుకు మూడు గంటలు పెట్టినా రెండు నెలలు. ఆపైన దరఖాస్తు, వేలిముద్రలతో పూర్వాపరాల తనిఖీ, 125 ప్రశ్నల పరీక్ష. మూడుసార్లు తప్పితే మళ్లీ అదనపు తరగతులకు వెళ్లాలి. దరఖాస్తు పెట్టిన ఏడాదిలోపు ఇదంతా ముగియాలి. పాసైనా సొంతంగా పని మొదలుపెట్టడానికి లేదు. లైసెన్సున్న బ్రోకర్ ఒకరు తన కింద చేర్చుకుంటేనే అది పని చేస్తుంది. మొదటి రెండేళ్లలో మరో 90 గంటల చదువు కూడా పూర్తి చేస్తేనే రెన్యువల్.

ఒప్పంద ఫారాల కోసమే ముప్పై గంటల కోర్సు పెట్టడం నాకు బాగా నచ్చింది. ఏ గడిలో ఏం రాస్తే కొనేవాడికి ఏ హక్కు పోతుందో, ఏ గడువు దాటితే అడ్వాన్సు వెనక్కి రాదో అక్కడ ఏజెంటు ముందే తెలుసుకుని బయటికి వస్తాడు. ఉద్యోగం, పిల్లలు చూసుకుంటూ ఇదంతా చేయాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే.

మన రెండు రాష్ట్రాల్లోనూ 180 గంటలు పెట్టమని నేననను. అలా పెడితే టీ కొట్టు దగ్గరి పెద్దాయన ఈ వృత్తి వదిలేస్తాడు, ఆయన పోతే మనకే నష్టం. ఫారం-హెచ్‌లోని ఎనిమిది షరతులే పాఠ్యాంశంగా, తెలుగులో, ఒక వారం సాయంత్రాలు తరగతులు పెట్టవచ్చు. ఈసీలు, లింకు డాక్యుమెంట్లు, మంజూరు ప్లాన్లు బల్ల మీద పరిచి చదివించవచ్చు. పెద్దాయన లాంటివాళ్లకు పరీక్ష నోటిమాటగా పెట్టవచ్చు, వాళ్లనే పిలిచి కుర్రాళ్లకు పాఠం చెప్పించనూ వచ్చు. రేరా అడగడానికి మొహమాటపడితే ఏజెంట్ల సంఘాలే ముందుకొచ్చి అడగాలి. "అప్లై చేశాం సార్" అనే గొంతులన్నిటి మధ్య, నిజాయితీగా పనిచేసేవాళ్లు వేరుగా కనిపించడానికి అంతకన్నా మంచి దారి నాకు తోచడం లేదు.

రిజిస్ట్రేషన్ ఎక్కడ అక్కర్లేదు?

రేరాలో రిజిస్టరైన ప్రాజెక్టుల్లో ప్రమోటర్ అమ్మే ప్లాట్లు, ఫ్లాట్లకు మధ్యవర్తిత్వం చేసేవాళ్లకే 9వ సెక్షన్ వర్తిస్తుంది. ఎవరో ఉంటున్న ఇంటిని మరొకరికి అమ్మిపెట్టడం, అద్దెకు కుదర్చడం, సాగుభూమి బేరాలు దీని పరిధిలోకి రావు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లు మించకుండా గానీ చేపట్టే ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. ఏజెంటు ఎవరన్న నిర్వచనం మాత్రం చాలా విశాలం. ఏ పేరుతో పిలిచినా, ఏ మాధ్యమం ద్వారా ఇరువైపులవారినీ కలిపి రుసుము తీసుకున్నా ఏజెంటే.

జపాన్‌లో కార్డు చూపించాలి

అక్కడి ఏజెంట్ల అర్హత పరీక్ష ఏడాదికి ఒక్కసారి, అక్టోబరులో. రెండు గంటల్లో 50 ప్రశ్నలు. రాసిన ప్రతి ఆరుగురిలో ఒకరు గట్టెక్కుతారు. ప్రతి ఆఫీసులోనూ ఐదుగురు పనివాళ్లకు ఒకరైనా ఆ అర్హత ఉన్నవారు ఉండాలి. ఒప్పందానికి ముందు ఆ అర్హత ఉన్న వ్యక్తే తన గుర్తింపు కార్డు చూపించి, ఆస్తికి సంబంధించిన ముఖ్య విషయాలన్నీ కొనేవారికి వివరించాలి.

నంబరు చూడటం ఎలా?

తెలంగాణ రేరా నంబర్లలో ప్రాజెక్టుది 'పీ' అక్షరంతో, ఏజెంటుది 'ఏ' అక్షరంతో మొదలవుతుంది. బ్రోచరు మీద రెండూ ఉన్నాయేమో చూడండి. ఏజెంటు నంబరు ఒక్కటే చూపించి "రేరా ఉంది" అంటే అది ఆయనకున్న రిజిస్ట్రేషన్ మాత్రమే, వెంచర్‌కున్నది కాదు. రెండు నంబర్లనూ రేరా వెబ్‌సైట్‌లో కొట్టి, గడువు తేదీ, సర్వే నంబర్లు, మంజూరు ప్లాను చూసుకున్నాకే టోకెన్ ఇవ్వండి.