భీమునిపట్టణము – మహానగరపు టంచున నొక పురము



మహానగరమునకు చేరువనున్న చిన్న పట్టణమున కొక లాభమును, ఒక భయమును గలవు. నగరమందలి వైద్యశాలయు, కళాశాలయు, అంగడియు దగ్గరగా నుండుట లాభము. నగరము పెరిగి పెరిగి తుదకు తన్ను గలుపుకొనుననుట భయము. ఈ రెంటికిని మన భీమునిపట్టణమే నిదర్శనము.

విశాఖపట్టణమునకు ఈశాన్యముగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున, అనంతగిరి కొండలలో బుట్టిన గోస్తనీనది సముద్రమున గలియుచోట నీ యూరున్నది. వాడుకలో దీనిని భీమిలి యందురు. ఊరి చెంతనున్న పావురాళ్లకొండపై బౌద్ధవిహార శిథిలములు గలవు. 17వ శతాబ్దమున హాలెండు దేశీయులగు డచ్చివారిచట వర్తకస్థానము నెలకొల్పిరి. వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. 1825లో నీ స్థలము ఆంగ్లేయుల వశమయ్యెను.

మన రైతులు పండించు గోగునార యీ రేవునుండి విదేశములకు బోయెడిది. అందుచే పరదేశ వర్తకులు దానికి ‘బిమ్లీ జూట్’ అని యీ యూరి పేరే పెట్టిరి. 1861లో నిచట పురపాలక సంఘ మేర్పడెను. దేశమందలి ప్రాచీన పురపాలక సంఘములలో నిది యొకటి.

అట్టి పట్టణ మేల వెనుకబడెను? 19వ శతాబ్దాంతమున వచ్చిన రైలుమార్గము భీమిలిని విడిచి విజయనగరము మీదుగా బోయెను. భీమిలిలో ఓడలు దూరమున లంగరు వేయగా, సరకు పడవలపై జేర్పవలసియుండెను. 1933లో విశాఖ నౌకాశ్రయము తెరువబడగా, ఓడ లొడ్డుననే నిలుచు సౌకర్యమచట గలిగెను. వర్తక మటు మరలెను. తుదకు 2013లో భీమిలి పురపాలక సంఘమును మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనము చేసిరి. 2021 ఎన్నికలలో నా సంస్థకు 98 వార్డులుండగా, భీమిలికి వచ్చినవి కొన్ని మాత్రమే.

విలీనమువలన నిధులు, నీటి వసతి, బాటలు మెరుగుపడవచ్చును. కాని కాలువ పూడినప్పుడు అడుగదగిన వాడు మన వీథివాడగుట వేరు, దూరనగరమున నుండుట వేరు. ఈ లోపము దీర్చుటకే 1992 నాటి రాజ్యాంగ సవరణము, మూడు లక్షలకు తక్కువగాని జనసంఖ్యగల పురములలో వార్డు సంఘము లుండవలెనని విధించెను. ఆ సంఘములను కోరి సాధించుకొనుట పౌరుల పని.

గ్రామపెద్దలకును నిందు బోధ గలదు. 2005లో గాజువాక పురముతోపాటు 32 గ్రామములు విశాఖలో గలిసెను. గ్రామము నగరమున గలిసిన నాడు పంచాయతీయు, గ్రామసభయు నుండవు. కావున అట్టి దినము రాకమున్నే చెరువునకు, శ్మశానమునకు, పశువుల బీడునకు, పుంతబాటకు హద్దులు కొలిపించి దస్తావేజులలో నెక్కించుడు. వాని నకళ్లు భద్రపరచుడు. పాలకుల పేరు మారినను ఊరుమ్మడి సొత్తు ఊరివారికి మిగులుట కదియే యాధారము.