ప్రాసెసర్, బోర్డ్, ర్యామ్: మూడూ కలిపి మార్చే వేళ

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పాతబడితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. ప్రాసెసర్ సంగతి అలా కాదు. అది కూర్చునే సాకెట్‌ను బట్టి మదర్‌బోర్డ్, బోర్డును బట్టి ర్యామ్ రకం ఉంటాయి. 2014 ప్రాంతంలో కొన్న ఇంటెల్ నాలుగో తరం ఐ5 సిస్టమ్‌లో మామూలుగా డీడీఆర్3 ర్యామ్ ఉంటుంది. ఇప్పటి డీడీఆర్5 స్లాటులో ఆ స్టిక్ దిగనే దిగదు, గాడి ఉన్న చోటే వేరు. కాబట్టి అలాంటి సిస్టమ్‌లో కొత్త తరం ప్రాసెసర్ పెట్టాలంటే బోర్డూ ర్యామూ కూడా కొనాల్సిందే. కొత్త ప్రాసెసర్‌కు పాత ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) చాలకపోతే ఖర్చు నాలుగో వస్తువుకూ పాకుతుంది. మార్చడం ఎలాగో షాపువాడు చూసుకుంటాడు. ఎప్పుడు మార్చాలన్నదే సొంతదారు తేల్చుకోవాలి.

కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో మాన్వి నుంచి విడిపోయి తాలూకా కేంద్రమైన సిరవార లాంటి ఊళ్లో ఈ నిర్ణయానికి బరువు ఎక్కువ. తుంగభద్ర ఎడమ కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబాల క్యాంపులు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. ఇక్కడి బజారులో కన్నడమూ తెలుగూ రెండూ నడుస్తాయి. డెస్క్‌టాప్ ఎక్కువగా కనిపించేది డీటీపీ, జిరాక్స్ షాపుల్లో, పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల్లో, ధాన్యం, పత్తి వ్యాపారుల లెక్కల గదుల్లో. కావలసిన బోర్డు రాయచూరులో దొరక్కపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, దానికన్నా దగ్గరైన హైదరాబాద్ వైపు సికింద్రాబాద్ సీటీసీకో వెళ్లాలి. వారంటీ పేచీ వస్తే మళ్లీ అదే దారి. అందుకని ఇక్కడ తొందరపడి కొన్న వస్తువు నగరంలో కన్నా ఖరీదైనదవుతుంది.

సిస్టమ్ నెమ్మదించిందన్న ఫిర్యాదుకు అసలు కారణం చాలాసార్లు ప్రాసెసర్ కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ భాగం చూస్తూ రోజూ చేసే పనే చేయాలి. ఫైలు తెరిచినప్పుడల్లా డిస్క్ గీత 100 శాతానికి ఎక్కి అక్కడే ఉండిపోతే దోషం తిరిగే హార్డ్ డిస్క్‌ది. సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి పెడితే నాలుగో తరం సిస్టమ్ కూడా లేచి కూర్చుంటుంది. మెమరీ నిండిపోయి డిస్క్ అదేపనిగా ఆడుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. అప్పుడు కూడా ఉన్న స్టిక్‌కు జతగా అదే రకం రెండోది వేస్తే సరిపోవచ్చు. రెండు స్టిక్కులు రెండు చానళ్లలో కూర్చుంటే డేటా వచ్చిపోయే దారి రెట్టింపు వెడల్పవుతుందన్నది అదనపు లాభం.

సీపీయూ గీత దగ్గర మాత్రం ఒక మోసం ఉంది. ఎనిమిది థ్రెడ్‌ల ప్రాసెసర్‌లో ఒకే థ్రెడ్ మీద నడిచే పని ఎంత ఊపిరాడకుండా సాగుతున్నా మొత్తం గీత 12, 13 శాతం దగ్గరే కనిపిస్తుంది. అది చూసి ప్రాసెసర్ ఖాళీగానే ఉందనుకోవడం పొరపాటు. గ్రాఫ్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి ఒక్కో లాజికల్ ప్రాసెసర్‌నూ విడిగా చూడాలి. ఒకటే పైకంటా ఎక్కి మిగతావి పడుకుని ఉంటే ఎక్కువ కోర్లు కొన్నా ఒరిగేదేమీ లేదు. ఒక్కో కోర్ వేగంగా ఉండే ప్రాసెసర్ కావాలి. అన్ని కోర్లూ 100 దగ్గర నిలబడి, పని పూర్తయ్యేదాకా మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తేనే కోర్లు చాలడం లేదని అర్థం.

ఈ కొలత తీసుకునే ముందు క్యాబినెట్ తెరిచి దుమ్ము దులపాలి. రాయచూరు ప్రాంతంలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. కూలర్ రెక్కల సందుల్లో దుమ్ము గడ్డకట్టి, థర్మల్ పేస్ట్ ఎండిపోతే ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చలికాలంలో బాగా నడిచి ఏప్రిల్‌లో మొరాయించే సిస్టమ్‌కు ముందు కావలసింది ఒక బ్లోయర్, ఒక పేస్ట్ ట్యూబు.

పనిని బట్టి సమాధానం మారుతుంది. తెలుగు, కన్నడ పెళ్లి పత్రికలు కొట్టే డీటీపీ షాపుల్లో ఇప్పటికీ కనిపించే పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త ప్రాసెసర్ ఇచ్చినా అది వాడుకోలేదు. పైగా విండోస్ మారితే తెలుగుకు వాడే పాత అను ఫాంట్లు, కన్నడకు వాడే నుడి ఎలా నడుస్తాయో ముందే వేరే సిస్టమ్‌లో చూసుకోకపోతే సీజన్‌లో షాపు మూసుకోవాల్సి వస్తుంది. టాలీ లెక్కలదీ దాదాపు ఇదే కథ. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉంటే వ్యాపారి లెక్కలకు అడ్డు ఉండదు.

స్టూడియో సంగతి వేరు. ఇప్పటి కెమెరాలు చాలావరకు 4కే వీడియోను హెచ్.265లో బిగించి ఇస్తాయి. కొన్ని 10 బిట్, 4:2:2 రంగుతో ఇస్తాయి. ఎడిటింగ్‌లో ప్లే నొక్కగానే బొమ్మ ఆగి ఆగి కదులుతుందంటే దానికి కారణం కోర్ల కొరతే కానక్కరలేదు. ఆ రకం ఫైలును విప్పే ప్రత్యేక సర్క్యూట్ చిప్‌లో ఉందా లేదా అన్నది చూడాలి. హెచ్.265 4:2:2ను విప్పే శక్తి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పదకొండో తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌కు వచ్చింది. ఎన్‌విడియా కార్డుల్లో అది 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరసతోనే వచ్చింది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. నాలుగు డబ్బులు తగ్గుతాయని 12400కు బదులు 12400ఎఫ్ తెచ్చుకున్న ఎడిటర్ తనకు అవసరమైన ముక్కనే వదిలేసుకున్నట్టు. ఖర్చు లేని దారీ ఒకటుంది. రాత్రి ప్రాక్సీ ఫైళ్లు (అసలు వీడియోలకు తేలికపాటి నకళ్లు) తయారు చేసుకుని తెల్లారి వాటి మీద ఎడిట్ చేస్తే పాత సిస్టమ్ కూడా ఒక సీజన్ లాగుతుంది. అసలు ఫైళ్ల నుంచి రెండర్ చేయడానికి పట్టే సమయం మాత్రం తగ్గదు. ఆ సమయం వల్ల ఆర్డర్లు వదులుకోవాల్సి వస్తోందంటే మార్చే వేళ వచ్చినట్టే.

అప్పుడు కూడా మూడూ మార్చే ముందు ఉన్న బోర్డు మీద ఇంకా పై మెట్టు ఉందేమో వెతకాలి. ఇందులో ఏఎండీ ఏఎం4 సాకెట్‌ది మంచి చరిత్ర. 2017లో మొదటి తరం రైజెన్‌తో కొన్న ఏ320, బీ350 బోర్డులు చాలావాటికి 2022లో కొత్త బయోస్ (బోర్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చింది. అది వేసుకుంటే ఆరు కోర్ల రైజెన్ 5 5600 పాత డీడీఆర్4 ర్యామ్‌తోనే పనిచేస్తుంది. బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో మోడల్ పేరు కింద ప్రాసెసర్ల జాబితా ఉంటుంది. దాన్ని చూడకుండా కొనకూడదు. బయోస్ మారుస్తుండగా మధ్యలో కరెంటు పోతే బోర్డు పూర్తిగా చచ్చిపోవచ్చు. కోతలున్న ఊళ్లో యూపీఎస్ లేకుండా ఆ పనికి దిగడం తెగింపే. ఇంటెల్ ఇంత ఉదారంగా లేదు. 2017లో ఎనిమిదో తరం వచ్చినప్పుడు సాకెట్ పేరు అదే ఉంచి బోర్డు మాత్రం కొత్తది కొనిపించింది. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700 కాస్త నయం. 12, 13, 14 తరాలు మూడూ దాని మీద కూర్చుంటాయి, డీడీఆర్4 బోర్డులూ దొరుకుతాయి. 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లను సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. వోల్టేజీ లోపంతో వాటిలో కొన్ని పాడవుతున్నట్టు 2024లో బయటపడింది. బయోస్ సవరణ ఇకముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది కానీ అప్పటికే దెబ్బతిన్నదాన్ని బాగుచేయదు.

కొందరికి గడువును బయటివాళ్లు పెడతారు. విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారికి ఇచ్చిన అదనపు ఏడాది 2026 అక్టోబరు 13తో ముగుస్తుంది. విండోస్ 11కు అధికారికంగా కనీసం ఇంటెల్ ఎనిమిదో తరం, లేదా రైజెన్ 2000 వరస, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఎనిమిదో తరం సిస్టమ్‌లో విండోస్ 11 ఎక్కలేదని బాధపడేవారు ముందు బయోస్‌లో టీపీఎం ఆఫ్‌లో ఉందేమో చూసుకోవాలి. చాలాచోట్ల అదే చిక్కు. బ్యాంకు లావాదేవీలు, ఖాతాదారుల ఆధార్ కాపీలు చేతులు మారే షాపులో ఈ గడువును తేలిగ్గా తీసుకోకూడదు. ఇంటర్నెట్ కలపకుండా కేవలం పత్రికలు కొట్టే సిస్టమ్‌కు అది పెద్ద పట్టింపు కాదు.

ధరల విషయానికొస్తే, 2025 చివర్లో ర్యామ్ బజారు ఒక్కసారిగా తలకిందులైంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను మింగేయడంతో ధరలు కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటాయి. మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారాన్నే వదిలేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ఏఎండీ ఏఎం5, ఇంటెల్ ఎల్‌జీఏ 1851 రెండూ డీడీఆర్5తో తప్ప నడవవు. ఇలాంటప్పుడు చేతిలో ఉన్న మంచి డీడీఆర్4 ర్యామ్‌ను నిలబెట్టుకునే దారి, అంటే ఏఎం4లోనే పై ప్రాసెసరో, డీడీఆర్4 పట్టే ఎల్‌జీఏ 1700 బోర్డో, మునుపటికన్నా తెలివైన బేరం. డీడీఆర్3 దగ్గర ఆగిపోయినవారికి ఆ వెసులుబాటు లేదు. వాళ్లు 16 జీబీతో మొదలుపెట్టి మిగతా స్లాట్లు ఖాళీగా ఉంచుకోవడం మేలు.

కొనే నెల కూడా లెక్కలోకి వస్తుంది. ముహూర్తాలు లేని ఆషాఢంలో స్టూడియోవాళ్లు, మార్చి లెక్కలు మూశాక వ్యాపారులు మారిస్తే పని ఆగదు. లెక్కల పుస్తకాలు రాసి పన్ను కట్టేవారికి కంప్యూటర్ మీద ఏటా 40 శాతం తరుగుదల వస్తుంది. అక్టోబరు మొదటి మూడు, నాలుగు రోజులు దాటాక వాడకం మొదలుపెడితే ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులు నిండవు, సగమే చెల్లుతుంది. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్నవారు బిల్లు తీసుకుంటే కట్టిన 18 శాతం పన్ను క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది.

సామాను వచ్చాక ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో ఒక రాత్రంతా పరీక్షించాలి. లోపం ఉంటే షాపువాడు మార్చి ఇచ్చే రోజుల్లోనే బయటపడాలి. పాత సిస్టమ్‌తో వచ్చిన విండోస్ లైసెన్స్ చాలాసార్లు పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది కనుక కొత్తదానికి ఆ ఖర్చు కూడా చూసుకోవాలి. కొత్త సిస్టమ్ మీద ఒక ఆర్డరైనా మొదటి నుంచి చివరిదాకా పూర్తయ్యేవరకు పాతదాన్ని విప్పకుండా పక్కన పెట్టుకోవడం మంచిది. ఆ తర్వాత దాని డిస్క్‌లో ఉన్న ఖాతాదారుల ఫోటోలు, కాగితాలు పూర్తిగా తుడిచేసి అమ్ముకోవచ్చు.