సభాపత్రముపై గళ్ల చతురస్రము

న్యూఢిల్లీలోని మండీ హౌస్ ప్రాంతమున రవీంద్ర భవనము, కమానీ సభాశాల, శ్రీరామ్ సెంటర్ దగ్గర దగ్గరగా ఉన్నవి. అచ్చట సభల ప్రకటనలకు కొదువ లేదు. తెలుగు సభ జరుపువారును ఇప్పుడు పత్రము మూలన క్యూఆర్ కోడ్ అచ్చువేసి, వచ్చెడివారు తమ రాకను దాని ద్వారా తెలుపవలెనని కోరవచ్చును.

ఆ గళ్లలో ఏమి ఇమిడ్చవలెను? 1994లో జపానులో మసాహిరో హారా బృందము దీనిని కార్ఖానాలలో విడిభాగములను గుర్తించుటకై రూపొందించినది, ఆహ్వానములకై కాదు. తెలుగునకు ఇందు చోటు ఎక్కువే పట్టును. ‘శ్రీ’ అను ఒక్క అక్షరములో శకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అను నాలుగు గుర్తులున్నవి. యూనికోడ్ వాడుక పద్ధతిలో ఒక్కొక్కదానికి 24 గళ్ల చొప్పున మొత్తము 96 గళ్లు. అతి చిన్న కోడ్‌లో ఉన్నవే 441! ఆహ్వానమంతయు కుక్కినచో గళ్లు ఆవగింజలంతై, దూరమున నిలిచినవాని ఫోనుకు అందవు. కావున పొట్టి చిరునామా ఒకటి చాలును. సభాస్థలము మారినను ఆ చిరునామాలోని పుటను దిద్దుకొనవచ్చును, పత్రమును మరల అచ్చువేయ నక్కరలేదు.

కోడ్ చుట్టును నాలుగు గళ్ల వెడల్పున తెలుపు వదలవలెను. చిత్రకారులు అలంకారమునకై ముందుగా ఆక్రమించునది ఆ అంచునే.

రాకను తెలుపుటకు పేరు, వెంట వచ్చువారి సంఖ్య చాలును. కుర్చీల లెక్కకు పుట్టిన తేదీ ఎందుకు? ద్వారకనుండియో, నోయిడానుండియో వచ్చెడి వృద్ధ పాఠకునికి కోడ్ చదివించుట తెలియకపోవచ్చును. ఆయన కొరకు తేదీ, వేళ, స్థలము పెద్ద అక్షరములలోనే ఉండవలెను. కోడ్ క్రింద ఫోన్ నంబరొకటి ఉండవలెను. ఆ నంబరునకు చెప్పిన పేర్లును, కోడ్ ద్వారా వచ్చినవియు ఒకే పట్టికలో చేరవలెను. లేనిచో పేరు చెప్పియు ఆయన ద్వారమువద్ద నిలువవలసివచ్చును.