కంపెనీ గడప దాటి సొంత రచ్చబండకు

చర్చా వేదిక ఒక కంపెనీ ఆస్తి అయినప్పుడు అందులో మాట్లాడేవారు అద్దె కట్టనక్కరలేదు, కానీ వారికి హక్కూ ఉండదు. నియమాలు మార్చినా, పాత రాతలను చెరిపేసినా, మొత్తం తలుపులే మూసేసినా అది యజమాని ఇష్టం. తెలుగువారు ఈ అనుభవాన్ని ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చవిచూశారు.

విచిత్రమేమంటే, ఇంటర్నెట్‌లో తెలుగు కబుర్లు మొదలైనది ఏ కంపెనీకీ చెందని చోటే. 1980లో అమెరికా విశ్వవిద్యాలయాల మధ్య పుట్టిన యూజ్‌నెట్‌కు యజమాని లేడు. ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం తన కంప్యూటర్లో సందేశాల ప్రతి ఉంచుకొని పక్కవారికి అందించేది. 1990లలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే బృందంలో పద్యాలు, వంటలు, రాజకీయాలు అన్నీ నడిచాయి. తెలుగు లిపి తెరమీద కనబడని రోజులవి. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. తరవాత యాహూ గ్రూప్స్ వచ్చింది. సభ్యత్వం సులువు, ఖర్చు లేదు. రచ్చబండ వంటి సాహిత్య చర్చా బృందాలు అందులో స్థిరపడ్డాయి.

సౌకర్యానికి మూల్యం చాలా ఏళ్ల తరవాత తెలిసింది. 2019 అక్టోబరులో యాహూ తన గ్రూపుల్లోని పాత సందేశాలు, ఫైళ్లు తీసేస్తున్నట్టు ప్రకటించింది. కావలసినవారు కొన్ని వారాల్లో దించుకోవాలంది. 2020 డిసెంబరు 15న ఆ సేవే ఆగిపోయింది. అప్పటికే ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న వెళ్లిపోయాయి. యూజ్‌నెట్ పాత సందేశాల భాండాగారాన్ని 2001లో కొన్న గూగుల్, 2024 ఫిబ్రవరి నుంచి అందులో కొత్త సందేశాలు చేర్చడం మానేసింది. తెలుగులోనూ నడిచిన ‘కూ’ అనే దేశీ వేదిక సైతం 2024 జులైలో మూతపడింది. వేదిక స్వదేశీ అయినంత మాత్రాన సముదాయానిది కాదని ఇక్కడ గమనించాలి. పెట్టుబడి ఆగితే వేదిక ఆగింది.

మూత పడకుండానే మనుషులు వెళ్లిపోయిన సందర్భం రెడిట్‌ది. 2005లో మొదలైన ఈ చర్చా స్థలంలో ప్రతి బృందాన్నీ జీతం లేని కార్యకర్తలే చూసుకుంటారు. 2023 ఏప్రిల్‌లో రెడిట్, బయటివారు తయారుచేసిన యాప్‌లు తమ సమాచారం వాడుకోవాలంటే డబ్బు కట్టాలని చెప్పింది. అపోలో అనే ఒక్క యాప్‌కే ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్లు అవుతుందని దాని నిర్మాత లెక్క తేల్చి, జూన్ చివర్లో మూసేశాడు. జూన్ 12 నుంచి వేలాది బృందాలు నిరసనగా తలుపులు వేసుకున్నాయి. కంపెనీ దిగిరాలేదు. 2024 మార్చిలో షేర్లు మార్కెట్‌కు తెచ్చింది. సభ్యులు ఉచితంగా రాసిన రాతలే అమ్మకపు సరుకయ్యాయన్న బాధ ఆ కోపంలో ఉంది, అది న్యాయమైన బాధే.

రెడిట్ నిరసన రోజుల్లో చాలామంది చేరినది లెమ్మీ అనే చర్చా వేదికలో. అలాగే ట్విట్టర్ విడిచినవారిలో పలువురు 2016లో మొదలైన మాస్టొడాన్‌కు వెళ్లారు. ఈ రెండింటి పనితీరు ఒకటే. సాఫ్ట్‌వేరు అందరిదీ, ఎవరైనా తమ సర్వరులో పెట్టుకోవచ్చు. విజయవాడలో ఒకరు, గుడివాడలో ఇంకొకరు, డాలస్‌లో మరొకరు వేర్వేరు సర్వర్లు నడిపినా, యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతి వల్ల ఒకచోటి సభ్యులు మరోచోటి వారితో మాట్లాడగలరు. ఈ పద్ధతిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. ఏ కంపెనీ ఈమెయిలు ఉన్నవారైనా మరో కంపెనీ వారికి ఉత్తరం పంపగలిగినట్టే ఇదీ. ఒక సర్వరు నడిపేవారు నచ్చకపోతే సభ్యుడు ఇంకోచోటికి మారవచ్చు. మాస్టొడాన్‌లోనైతే అనుసరించేవారు కూడా వెంట వస్తారు, పాత రాతలు మాత్రం రావు. ఎవరితోనూ కలవకుండా ఒకే సంఘానికి చర్చాస్థలం చాలనుకుంటే డిస్కోర్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సరిపోతుంది.

నలుగురూ కలిసి నడుపుకోవడం కృష్ణా డెల్టాకు ఎవరూ నేర్పనక్కరలేని విద్య. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో గ్రంథాలయాల కార్యకర్తలు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నెలకొల్పుకున్నారు. సర్కారు కోసం ఎదురుచూడకుండా ఊరివాళ్లే చందాలు వేసుకొని పుస్తకాలు కొన్నారు. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపించారు. గ్రంథాలయ సంఘం పుట్టిన వందేళ్లకు, 2014 ఫిబ్రవరిలో, తెలుగు వికీపీడియా పదేళ్ల పండుగ జరిగింది విజయవాడ కె.బి.ఎన్. కళాశాలలో. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వాన్ని రాసేది, దిద్దేది, తగవులు తీర్చేది జీతం లేని సభ్యులే. దాని సర్వర్లు నడిపే వికీమీడియా ఫౌండేషన్ లాభాపేక్ష లేనిది. వ్యాసాలన్నీ ఎవరైనా మొత్తంగా దించుకోగలిగేలా ఉంటాయి. కంపెనీ వేదికలకూ దీనికీ అసలు తేడా ఈ చివరి మాటలోనే ఉంది.

ఇంత సుగుణం ఉన్నా వలస తేలిక కాదు. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేశాక, నవంబరులో భారతీయులు పెద్దసంఖ్యలో మాస్టొడాన్‌లో ఖాతాలు తెరిచారు. చాలామంది కొద్దికాలానికే వెనక్కి వెళ్లారు. కారణం సాఫ్ట్‌వేరు కాదు. స్నేహితులు పాతచోటే ఉండిపోయారు. మనుషులు విడివిడిగా కదిలితే కొత్తచోట మాట్లాడేందుకు ఎవరూ కనబడరు. రెండోది శ్రమ. బూతులు, కులదూషణలు, మోసపు ప్రకటనలు తీసేసే పని రోజూ ఉంటుంది. ఒక్కరి మీదే వేస్తే ఏడాది తిరగకుండా విసిగిపోతారు, సర్వరూ ఆగుతుంది. ముగ్గురు నలుగురు వంతులు వేసుకోవడం తప్పదు. చిన్న బృందానికి సర్వరు అద్దె పెద్ద భారం కాదు, చందాలతో తీరుతుంది. చట్టం సంగతి మరవకూడదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం వేదిక నడిపేవారు ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటించాలి. వచ్చిన ఫిర్యాదును 24 గంటల్లో నమోదు చేసుకోవాలి. ఈ బాధ్యత ఎవరిదో మొదటిరోజే తేల్చుకోవాలి.

పూర్వ విద్యార్థుల సంఘమైనా, రైతుల బృందమైనా, అపార్ట్‌మెంట్ కమిటీ అయినా మారదలిస్తే ముందు పాత చర్చల ప్రతిని దించి రెండుచోట్ల భద్రపరచాలి. వెబ్ చిరునామాను ఒక వ్యక్తి పేరున కాక సంఘం పేరున కొనాలి. సర్వరు ఎన్నిసార్లు మారినా ఆ చిరునామా మారదు కనుక సభ్యులు దారి తప్పరు. ఆ తరవాత తేదీ పెట్టుకొని అందరూ ఒకేసారి కదలాలి. కొన్నాళ్లు పాతచోట దారి చూపే ఒక్క సందేశం మాత్రమే ఉంచాలి. వెంటనే మారే ఉద్దేశం లేనివారు కూడా మొదటి పని మాత్రం ఇప్పుడే చేసిపెట్టుకోవడం మంచిది. మూసివేత ప్రకటన వచ్చాక యాహూ సభ్యులకు దొరికింది కొన్ని వారాల గడువే.