మందు కలిపే ముందు నీటిని పరీక్షించండి



మల్బరీ తోటలో తామర పురుగులకు మందు కొట్టి నాలుగు రోజులైనా ఫలితం కనిపించకపోతే, కల్తీ మందు ఇచ్చాడని అంగడివానిని అనుమానిస్తాం. కల్తీ ఉంటే ఉండవచ్చు. కాని ఒక్కోసారి లోపం మన బోరు నీటిలోనే ఉంటుంది.

నీటి ఆమ్ల, క్షార గుణాలను ఉదజని సూచిక, అంటే పి.హెచ్. అంకెతో కొలుస్తారు. 7 తటస్థం. తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె పెరిగితే క్షార గుణం పది రెట్లవుతుంది. బళ్లారి, సిరుగుప్ప తాలూకాల నల్లరేగడి నేలల్లోనూ, సరిహద్దు అవతల ఆలూరు వైపునా 8 దాటిన బోరు నీరు వింత కాదు. డైమిథోయేట్, మలాథియాన్ వంటి మందులు, వేప మందులోని అజాడిరక్టిన్ ఇలాంటి నీటిలో విరిగిపోతాయి. డ్రమ్ములో ఎంతసేపు నిలిస్తే అంత బలం తగ్గుతుంది.

అసలు ముప్పు ఆ తరువాత వస్తుంది. పని చేయలేదని మోతాదు పెంచి మళ్లీ కొడతాం. ఆ ఆకు పట్టుపురుగు మేత. నాలుగో జ్వరం లేచిన పురుగులకు మందు అవశేషమున్న ఆకు వేస్తే, పంట చంద్రికలకు ఎక్కకుండానే పోతుంది.

పి.హెచ్. కాగితం ప్రయోగశాల సామాన్ల అంగళ్లలో దొరుకుతుంది. 10 గ్రాముల నిమ్మ ఉప్పును లీటరు నీటిలో కరిగించండి. 10 లీటర్ల బోరు నీటిలో ఈ ద్రావణం 50 మి.లీ. చొప్పున పోస్తూ, కలుపుతూ, ప్రతిసారీ కాగితం ముంచి రంగు చూడండి. 6 దగ్గరకు రాగానే ఆపి, ఎంత పట్టిందో రాసుకోండి. 100 లీటర్ల డ్రమ్ముకు దానికి పది రెట్లు. పక్క రైతు కొలత మీకు పనికిరాదు. రెండు బోర్ల పి.హెచ్. ఒకటే అయినా నిమ్మ ఉప్పు ఒకే కొలత పట్టదు. ఎండాకాలంలో ఒకసారి, వానల తరువాత ఒకసారి మళ్లీ చూసుకోవాలి. బ్యాటరీ యాసిడ్ జోలికి పోవద్దు.

ముందు నీరు సరిచేసి, తరువాతే మందు కలపండి. ఆ పూటే వాడేయండి. రాగి మందులు, బోర్డో మిశ్రమం, సున్నం-గంధకం ద్రావణం వాడేటప్పుడు మాత్రం నిమ్మ ఉప్పు కలపరాదు. రాగి కరిగి ఆకు మాడుతుంది.

నీరు సరిచేస్తే మందు పూర్తి బలంతో ఆకు మీద ఉంటుంది. కనుక ఆకు కోతకు చెప్పిన గడువులో ఒక్క రోజు కూడా తగ్గించకండి. గడువు తీరాక కూడా ముందు కొద్ది పురుగులకే ఆకు వేసి చూడండి. ఇదివరలో ఆకుచుట్టు పురుగుకు కొట్టిన డైక్లోర్వాస్ (నువాన్) మీద 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ఇంట్లో పాత సీసా మిగిలి ఉన్నా వాడరాదు.

పెంపకం షెడ్డు శుద్ధికి బ్లీచింగ్ పొడి, సున్నం కలిపే డ్రమ్మును తోట మందుకు వాడకండి. అడుగున మిగిలిన సున్నం నీటి క్షార గుణాన్ని బాగా పెంచుతుంది. పైగా బ్లీచింగ్ పొడికి నిమ్మ ఉప్పు తగిలితే క్లోరిన్ విషవాయువు లేస్తుంది. తోట స్ప్రేయరును షెడ్డులోకి అసలు తేకూడదు. డ్రమ్ములకు, స్ప్రేయర్లకు ‘తోట’, ‘షెడ్డు’ అని రంగుతో రాసి పెట్టుకోండి.