మన ఊరి చరిత్ర మనమే వ్రాద్దాం

బాలలారా!

చరిత్ర అనగానే మీకు రాజులూ, యుద్ధాలూ జ్ఞాపకం వస్తాయి. మరి మీ ఊరికి చరిత్ర లేదా? లేకేం, ఉన్నది! అయితే అది చాలావరకు పాఠ్యపుస్తకంలో దొరకదు. కాలువగట్టు మీదా, స్టేషనులోనూ, అవ్వాతాతల మాటల్లోనూ దొరుకుతుంది. దానిని ఎలా వెతకాలో కృష్ణాజిల్లా గన్నవరాన్ని చూసి నేర్చుకుందాం.

మొదటి పని, చూడటం. గన్నవరం ప్రాంతంలో నాలుగు దారులున్నాయి: కాలువ, రైలుపట్టాలు, చెన్నై-కలకత్తా రహదారి, విమానాశ్రయం. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలాన్ని చెబుతుంది.

1832-33లో ఈ సీమలో ఘోరమైన కరువు వచ్చింది. పక్కనే కృష్ణ పారుతున్నా, నీరు పొలాలకు ఎక్కే దారి లేదు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో, 1852-55 మధ్య బెజవాడవద్ద ఆనకట్ట కట్టారు. ఆనకట్ట నదిలో నీటిమట్టాన్ని పెంచింది. డెల్టా భూమి సముద్రం వైపు వాలి ఉంటుంది గనుక, ఆ నీరు కాలువల వెంట తనంతట తానే పారింది. అలా పుట్టిన ఏలూరు కాలువ ఏలూరులో గోదావరి కాలువను కలుసుకుంటుంది. ఒకప్పుడు ఈ కాలువల మీదుగా కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలు నడిచేవి!

ఆ తరవాత 1893-96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలుమార్గం వేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గన్నవరంలో సైనికుల విమానాలు దిగాయి. ఆ స్థలమే తరవాత పౌర విమానాశ్రయమైంది. 2017లో దానికి అంతర్జాతీయ హోదా వచ్చింది.

రెండవ పని, అడగటం. పడవలు ఎక్కడ ఆగేవి? వాటిలో ఏయే సరుకులు వచ్చేవి? పాత చెరువు ఎక్కడ ఉండేది? ఇవి చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వారు తెలిసినది చెప్పకుండానే వెళ్ళిపోతే ఆ సంగతి మళ్ళీ దొరకదు. అందుకే ఈ పని రేపటికి వాయిదా వేయకూడదు.

మూడవ పని, సరిచూడటం. పెద్దలు తరచు తేదీ చెప్పరు. “దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు” అంటారు. అంటే 1977. “ఆనకట్టకు గండిపడిన ఏడు” అంటే 1952. దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఒక్కొక్కప్పుడు “నందన” అని తెలుగు సంవత్సరం పేరు చెబుతారు. ఇక్కడ జాగ్రత్త! ఆ పేర్లు 60 ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. పైన చెప్పిన కరువును నందన కరువని అన్నారు. కాని 1892, 1952, 2012 సంవత్సరాల ఉగాదులకు వచ్చినదీ నందనే! అందుచేత ఒకరు చెప్పిన సంగతిని మరొకరిని అడిగి, పాత కాగితాలతో పోల్చి చూడాలి.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. చెప్పినవారి పేరు, వయస్సు, మీరు విన్న తేదీ వ్రాయండి. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ వ్రాయండి. మీకు నచ్చినదే నిజమని తీర్మానించకండి.

తలిదండ్రులారా! పిల్లలను ఒక ఆదివారం కాలువగట్టుకు తీసుకువెళ్ళండి. మీకు తెలిసినది చెప్పండి. తెలియనిది వారితో కలిసి అడగండి. బాలలారా! ఈనాడు మీరు నింపిన నోటుపుస్తకమే రేపు మీ ఊరి చరిత్రకు మొదటి పుట కావచ్చు.